మంచు నల్లబడలేదన్న మబ్బులమ్మగారు

1988వ సంవత్సరం జూలై 11వ తేదీ, సోమవారం ఉదయం, మా ఉపగ్రహ చిత్రాల పరిశీలనా కేంద్రంలో కనిష్ఠ శాస్త్రవేత్తగా చేరి, ముప్పయ్యారు సంవత్సరాల నిరంతర సేవ అనంతరం ఈ మాసాంతాన పదవీ విరమణ చేయనున్న మా క్రమాంకన (కెమెరా కొలతలు సరిచూసే) విభాగాధిపతిని కార్యాలయమంతా ‘మబ్బులమ్మగారు’ అనే పిలుస్తుంది. వేళాకోళంగా పుట్టిన ఆ పేరు గౌరవవాచకంగా స్థిరపడిన వైనాన్ని రాయవలసిందిగా ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు నన్ను కోరారు. ఆ పనికి నాకంటె సమర్థులు ఉన్నారు గానీ, మబ్బులమ్మగారికి కృతజ్ఞత చెప్పుకోవలసిన అవసరం నాకున్నంతగా మరెవరికీ లేదు.

చేరిన తొలినాళ్లలో వారికి అప్పగించిన పని, మబ్బు పట్టిన చిత్రాలను ఏరి పక్కన పెట్టడం. నేల కనిపించని చిత్రం ఎవరికీ అక్కరలేదు. రెండో అంతస్తులో, కిటికీ అద్దాలకు నీలికాగితం అంటించిన ఇరుకు గదిలో కూర్చుని వారు ఆ పని శ్రద్ధగానే నిర్వహించారు. అయితే ఏరినవాటిని పారవేయక, తేదీలు వేసి బీరువాలో భద్రపరచసాగారు. ఒకనాడు ఆ బీరువా తెరిచిన పర్యవేక్షకులు నిర్ఘాంతపోయారు.

“బియ్యంలో రాళ్లేరమంటే రాళ్లు దాచుకుంటున్నారేంటమ్మా?”

“రాళ్లన్నీ ఒకే తెలుపులో ఉన్నాయి సార్. ఎందుకో చూద్దామని,” అన్నారట వారు. ‘మబ్బులమ్మ’ అనే వేళాకోళం ఆనాడే పుట్టింది.

కక్ష్యలో తిరిగే కెమెరా ఏళ్లు గడిచేకొద్దీ మసకబారుతుంది. ఎంత మసకబారిందో పరీక్షించడానికి అక్కడికి దీపం పట్టుకుని వెళ్లగలవారెవరూ లేరు. ఉష్ణమండలంలో లేచే భారీ ఉరుముల మేఘాల శిఖరాలు, గాలిలోని ధూళికీ తేమకూ చాలావరకు పైన ఉండి, తమపై పడిన ఎండను దాదాపు ఒకే పాళ్లలో తిప్పి పంపుతాయి. ఒక్క మేఘాన్ని నమ్మలేము. కానీ నెలనెలా వేలకొలది శిఖరాలను పోగుచేసి చూస్తే ఆ తెలుపు నిలకడగా ఉంటుందనీ, అది ఏటేటా తగ్గుతున్నట్లు కనిపిస్తే లోపం కెమెరాదేననీ వారు ఇరవయ్యేళ్లు శ్రమించి మా కేంద్రాన్ని ఒప్పించారు. ఆ రోజుల్లో అత్తగారు మేడమీద బట్టలు ఆరేస్తూ “అమ్మాయ్, వాన పడుతుందంటావా?” అని అడిగితే, “ఈ మబ్బులతో నాకు పరిచయం లేదత్తయ్యా, నావి భూమధ్యరేఖ దగ్గరుంటాయి,” అన్నారని వారి భర్త, లెక్కల మాస్టారు, నేటికీ నవ్వుతూ చెబుతారు.

2006లో నేను మంచు విభాగానికి బాధ్యుణ్ణి. పర్వతాలపై మంచు అయిదేళ్లలో ఏడు శాతం నల్లబడిందని నేను నివేదిక సిద్ధం చేశాను. నల్లబడిన మంచు త్వరగా కరుగుతుంది గనుక, వరద వస్తుందని భయపడి దిగువ జలాశయాలను ముందుగానే ఖాళీ చేయించాలని అధికారులు యోచిస్తున్నారు. సోమవారం సమావేశమనగా, గురువారం మధ్యాహ్నం మబ్బులమ్మగారు చేతిలో గ్రాఫు గీసిన కాగితంతో నా గదికి వచ్చారు.

“మంచు నల్లబడలేదండీ. మన కెమెరా చూపు తగ్గింది. మబ్బులు కూడా అంతే తగ్గి కనిపిస్తున్నాయి.”

“గాలికి కొట్టుకుపోయే మబ్బుల్ని పట్టుకుని నా అయిదేళ్ల కష్టం గంగలో కలపమంటారా?” అని నేను గొంతు పెంచాను. వరండాలో ఉన్నవారందరికీ వినిపించింది.

వారు గొంతు పెంచలేదు. “నా మబ్బుల్ని నమ్మొద్దు లెండి. మీకు నమ్మకమున్న చోటు మీరే ఎంచుకోండి. లెక్క కూడా మీరే వెయ్యండి.”

మొండిగా ఒక ఎడారిని ఎంచుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నానికి లెక్క తేలింది: వందల ఏళ్లుగా మారని ఆ ఇసుక కూడా, నా కాగితం మీద, అయిదేళ్లలో ఏడు శాతం నల్లబడింది. లేచి వారి గదికి వెళ్లి, “ఎడారి కూడా నల్లబడిందండీ,” అన్నాను. వారు కుర్చీ జరిపి, “కూర్చోండి. సోమవారానికి ఇంకా టైముంది, సరిదిద్దుదాం,” అన్నారు. శని, ఆదివారాలు సెలవని కూడా చూడక నా పక్కనే కూర్చుని ప్రతి అంకె సవరించారు.

సమావేశంలో నేను నివేదికను ఉపసంహరించుకున్నాను. పొరపాటును ఎవరు కనిపెట్టారని అధ్యక్షులు ప్రశ్నించగా, నేను నోరు తెరిచేలోగా మబ్బులమ్మగారు, “ఆయనే సార్, ఎడారి లెక్క వేసి పట్టుకున్నారు,” అన్నారు. జలాశయాలు నిండుగానే ఉన్నాయి. ఆ వేసవిలో దిగువ పొలాలకు నీరందింది. మరుసటి ఏడు నాకు పదోన్నతి లభించింది; ఉత్తర్వులో ఆ ఎడారి లెక్క ప్రస్తావన ఉంది. నేను మౌనం వహించాను. పద్దెనిమిదేళ్లు వహించాను.

గత వారం ఈ వ్యాసం చిత్తుప్రతిని వారికి చూపించాను. చదివి, కళ్లజోడు తీసి, “ఇప్పుడెందుకండీ ఇవన్నీ? మీ పిల్లలు కూడా చదువుతారు,” అన్నారు. పిల్లలు చదవాలనే అచ్చు వేయిస్తున్నాను. ఆ పొరపాటును కనిపెట్టింది నేను కాదు, మబ్బులమ్మగారు.

వారు సంపూర్ణ ఆరోగ్యంతో, మాస్టారి సాహచర్యంలో, తమ పిల్లల ఆప్యాయత నడుమ నిండు నూరేళ్లు జీవించాలనీ, ఇకమీదట ఏ మబ్బునైనా కొలవనక్కర లేకుండా మేడమీద కూర్చుని తీరికగా చూసుకోవాలనీ, ఆలస్యంగానైనా నిజం చెప్పుకుని తేలికపడిన మనసుతో, చేతులు జోడించి కోరుకుంటున్నాను.