“ఓడిపోతారు” అనడం నా వంతు

ఆ టోపీ అక్కడే ఉండనీ రుచితా. దుమ్ము నాకూ కనిపిస్తోందిలే. నువ్వు ఆ గోంగూర ఒలుస్తూ కూర్చో, చెప్తాను. మీరు ఈ టార్నీట్‌లో ఎదురింటికి వచ్చేసరికే మా ఆయన పోయి నాలుగేళ్ళు, ఇప్పటికి ఎనిమిది. ఉమామహేశ్వరరావు గారు, వంతెనలు కట్టే ఇంజనీరు. ఇక్కడికి రాకముందు అమెరికాలో ఏదో చలి ఊళ్ళో రెండేళ్ళు పనిచేసి, అక్కణ్ణించి ఒక దగ్గూ, ఈ టోపీ తెచ్చుకున్నారు. టోపీ ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టుది. ఫుట్‌బాలంటే కాలితో తన్నేది కాదు, ఇక్కడ ఆస్ట్రేలియా వాళ్ళు ఆడే ఫుటీ కూడా కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఒకడిమీద ఒకడు పడటం, లేవటం, మళ్ళీ ఎలా పడాలో గుండ్రంగా నిలబడి మీటింగు పెట్టుకోవటం. మూడు గంటలు అదే. పోనీ గెలిచే జట్టా అంటే, దగ్గు నయం, మధ్యలో ఓసారి తగ్గేది.

ఆయనకి దేవుడూ లేడు, దయ్యమూ లేదు. మా సంజయ్ పెళ్ళికి ముహూర్తం చూపించండీ అంటే, “హాలు ఏ శనివారం ఖాళీ ఉంటే అదే ముహూర్తం” అన్న మహానుభావుడు. అలాంటి మనిషి, మే నెలలో ఆ జట్టు రాబోయే సీజన్ మ్యాచ్‌ల జాబితా రాగానే ప్రింటు తీసి, ఉగాదికి పంచాంగం చదివినట్టు చదివేవారు. శనివారం ఆర్వో, అదే, మధ్యాహ్నం పూట, పెరట్లో, బార్బీ పొయ్యి మీద మొక్కజొన్న పొత్తులు కాలుతుండగా. వినేది ఇద్దరం, నేనూ, ఆయన స్నేహితుడు ద్వారకానాథూ. ద్వారకానాథ్ వచ్చేది పొత్తుల కోసం. ఈయన గొంతు సవరించుకుని, “ఈ ఏడు మన జట్టుకి ఆదాయం పదకొండు, వ్యయం ఐదు, రాజపూజ్యం ఆరు, అవమానం ఒకటి.” “ఒకటేనా? నిరుటివే ఇంకా మిగిలున్నాయి కదండీ” అనేదాన్ని. తర్వాత ఒక్కో మ్యాచ్ చదివి నావైపు చూసేవారు. నేను “ఓడిపోతారు” అనాలి. అదీ పద్ధతి. ఆయన కళ్ళజోడు తీసి, ఎందుకు గెలుస్తారో పది నిమిషాలు వాదించాలి, ఆ తర్వాతే రెండోది. అప్పట్లో పదహారు మ్యాచ్‌లు. ఒకసారి నాకు తలనొప్పిగా ఉండి ఊరుకుంటే, ఆయన కూడా చదవటం ఆపేసి కూర్చున్నారు. “నువ్వు అనకపోతే ఎలాగోయ్, నాకు జవాబు ఎక్కడ దొరుకుతుంది?”

రాహుకాలం సంగతి చెప్పానా? సోమవారం పొద్దున ఆరున్నరకి మ్యాచ్. ఓడిపోతుంటే, “ఏడున్నర నుంచి రాహుకాలం, అదీ సంగతి” అన్నారు. దేవుణ్ణి నమ్మని మనిషికి రాహువు మాత్రం కావాలి. నేనూరుకుంటానా, “ఆడేవాళ్ళకి అక్కడ ఇంకా ఆదివారం సాయంత్రమే కదా, మన రాహుకాలం వాళ్ళనేం చేస్తుంది?” అన్నాను. కాగితం తీసి లెక్కవేశారు. ఆదివారం రాహుకాలం నాలుగున్నరకి. వాళ్ళ మ్యాచ్ మొదలైంది నాలుగుంబావు దాటాక. అక్కడా అదే, ఇక్కడా అదే. ఆ కాగితం నెలరోజులు ఫ్రిజ్‌కి అంటించుకున్నారు, ఓటమికి కారణం దొరికిందని.

ఏం చెప్తున్నాను... ఆ, ఆఖరి ఏడు. ఆగస్టు మొదట్లో ఆసుపత్రిలో చేర్చాం. ఇక్కడి డాక్టర్లు రోగి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పేస్తారు. మనకది గిట్టదు. సంజయ్ ఆ డాక్టరమ్మని వరండాలో పట్టుకుని, అమ్మకి చెప్పండి, నాన్నకి రెండు రోజులు ఆగండి అని బతిమాలాడు. నాకు చెప్పింది. మూడు వారాలంది. సీజన్ మొదలవటానికి ఐదు వారాలుంది. నేను మొహం కడుక్కుని, పౌడర్ కూడా రాసుకుని లోపలికి వెళ్ళాను. ఆయన దిండు కింద నుంచి జాబితా తీశారు. “మేలో చదివిందే, ఇంకోసారి చూద్దాం. మొదటి మ్యాచ్, వసుంధరా?”

“గెలుస్తారు” అన్నాను.

నా నోటికి జడిసి ఈ వీధిలో సగంమంది పక్కదారిన పోతారు, నీకూ తెలుసు. నా జన్మలో ఆయనతో అన్న ఒక్క తీపి మాట అది. కళ్ళజోడు తీశారు. వాదించటానికి అనుకున్నాను. “డాక్టరమ్మ నీతో ఎన్ని వారాలంది?” అన్నారు. కొడుకు బతిమాలి ఆపించినదాన్ని నేను ఒక్క మాటలో చెప్పేశాను. మూడన్నాను. వేళ్ళమీద లెక్కపెట్టుకుని, “అయితే మొదటిది కూడా అందదన్నమాట” అన్నారు. కాగితం నా చేతిలో పెట్టారు. “మళ్ళీ మొదట్నించీ చదువు. ఈసారి సరిగ్గా చెప్పు.” పదహారూ చదివాను. పదహారూ ఓడిపోతారన్నాను. తొమ్మిదోదాకా వాదించారు. తర్వాత నిద్రపట్టింది. మిగతా ఏడూ ఆ నిద్రలోనే చెప్పాను.

మొదటిది గెలిచార్లే. ఇల్లు నిండా చుట్టాలు, టీవీ ఎవరు పెట్టారో తెలీదు, నేనే అయుంటాను.

ఇప్పుడు పదిహేడు మ్యాచ్‌లు చేశారట. ఫ్రిజ్ మీదున్నది ఈ ఏటి జాబితానే. సెప్టెంబర్లో మొదలు. మొదటిది... అదేంటమ్మాయ్, ఆకుకి అంత కాడ ఉంచేస్తున్నావు? ఇటివ్వు.