డాక్టర్ సైదున్నీసా చూడని మూడో వాన

అమ్మలారా, అప్పలారా, జమ్మలమడుగు గనుల్లో ఈ పూట పని మానుకుని ప్రొద్దుటూరు దాకా వచ్చిన అన్నలారా! మలేరియా ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో పాతికేళ్లు పరిశోధించిన మన డాక్టర్ సైదున్నీసా పోయిన నెల గుండెపోటుతో కన్నుమూశారు. ఏ సభలోనైనా నేను ఎవరినో ఒకరిని నిలదీస్తాను. ఈరోజు ఎవరిని నిలదీయాలి?

పులివెందులలో పనిచేసినప్పుడు, చలిజ్వరంతో ఎవరొచ్చినా ఆమె మొదట అడిగేది ఒంటి సంగతి కాదు. "యాడికి పనికి పోతాండావప్పా? యాడ పండుకుంటాండావు?" అలా అడిగి అడిగి, వేర్వేరు ఊళ్ల జ్వరాలు ఒక్కచోటి నుంచే వస్తున్నాయని పట్టుకున్నారు. ఎక్కడ? జమ్మలమడుగు పక్కన, నాపరాయి తవ్వి వదిలేసిన గుంతల్లో. వాననీళ్లు నిలిచే గుంతల్లో!

అక్కడే రాళ్లు కొట్టే నాగులమ్మ, రక్తపరీక్షకు వేలు చాపుతూనే ఎకసెక్కమాడేది: "దోమలు తాగింది చాలదని నువ్వూ వచ్చినావా డాక్టరమ్మా?" "అవి అడక్కుండా తాగుతాండాయి. నేను అడిగి తీసుకుంటాండా గదమ్మా!"

డాక్టరమ్మ సగం గుంతల్లో దోమపిల్లల్ని తినే చేపలు వదిలారు. సగం అలాగే ఉంచారు. గరిటెతో నీళ్లు ముంచి దోమపిల్లల్ని, కూలీల రక్తం పరీక్షించి జ్వరాల్ని లెక్కపెట్టేవారు. వరుసగా మూడు వానాకాలాల లెక్క వస్తేనే, చేపలు జ్వరాన్ని ఆపుతాయో లేదో తేలేది.

రెండో ఏడు మా సంఘం వాళ్లం ఏం చేశాం? నిలవ నీళ్లలో బ్లీచింగ్ వేస్తే దోమలు చస్తాయని ఒక కరపత్రంలో చదివాం. అధికారులు కదలరు, మనమే కదలాలి అనుకున్నాం. గుంతలన్నిటిలో బ్లీచింగ్ పౌడరు కుమ్మరించాం. ఆమెను ఒక్క మాట అడిగామా? లేదు. మర్నాటికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ముందు నడిచింది నేనే.

ఆమె తిట్టలేదు. ఒడ్డున కూర్చుని చచ్చిన చేపల్ని ఏరుతూ, "శానా కష్టపడినారు నాయనా. ఇంకోతూరి అడిగి చేయండి" అన్నారు. మళ్లీ మొదటి వాన నుంచి మొదలుపెట్టారు. రెండు వానలు లెక్కపెట్టారు. మూడోది ఈ ఏడాది.

మేం ఆ పని చేయకుంటే ఆ లెక్క ఎప్పుడో తేలిపోయేది. ఇప్పుడు గరిటె నేను ముంచగలను. కానీ గాజుపలక మీది రక్తపు చుక్కను చదవడం నాకు రాదు. అది చదివే మనిషిని పంపమని పైవాళ్లకు రాస్తే, మనిషి లేడన్నారు. మళ్లీ రాస్తే జవాబే లేదు. నిన్న నాగులమ్మ అడిగింది: "వాన మొదలాయె. ఈ తడవ మా యేలు ఎవురు గుచ్చుతారప్పా?"



లేవండి. రెండు నిమిషాలు నిలబడదాం. నినాదాలు వద్దు. జోహార్లు కూడా వద్దు.