గాలి పోసి కుట్టిన కోటు

"పిచ్చుకమ్మా పిచ్చుకమ్మా, చలికి నీకు దుప్పటేదీ..." ఆ తర్వాతి ముక్క పెద్దమ్మకి ఎంతకీ గుర్తు రాలేదు. చిన్నప్పుడు కంఠతా వచ్చిన పాటే. కూనిరాగం తీస్తూనే దర్జీ కొట్టు మెట్లెక్కింది. ఆవిడ కూతురు పనిచేసేది కోల్డ్ స్టోరేజీలో. తెల్లారితే మళ్లీ ఆ మంచుగదిలోకే, వేళ్లు కొయ్యబారిపోతాయి. కోటుకని నీలం గుడ్డ ఇచ్చి మూడు వారాలైంది.

దర్జీ చుట్టూ అప్పటికే టీ గ్లాసులతో సభ తీరి ఉంది.

"రా పెద్దమ్మా, నీ కోటు సంగతే చెబుతున్నా! ఓ చలి పొద్దున కిటికీ మీద పిచ్చుక వాలింది. నిమ్మకాయంత ఉన్నది కాస్తా ఈకలు ఉబ్బించి బత్తాయంత అయింది. ఓహో, వెచ్చదనం ఈకలో లేదు, ఈకల మధ్య ఇరుక్కున్న గాలిలో ఉందని పట్టేశా! గుడ్డలో చిన్న చిన్న అరలు కుట్టి, దూది ఈకల్లా చీల్చి కూరి, అర అరకీ ఇంత గాలి పోసి మూతి బిగించా."

"గాలి పోశావా? గరిటెతోనా?" అన్నాడు టీ కొట్టాయన.

"అడ్డుపడకయ్యా! అది తొడుక్కుని ఐసు ఫ్యాక్టరీలో కూర్చున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెమటలు పట్టాయి. నాకు కాదు, ఐసు దిమ్మలకి! ఓనరు కాళ్ల మీద పడి 'బాబ్బాబు, బయటికి పో' అన్నాడు. ఇంటికొచ్చి చెక్క హ్యాంగరుకి తగిలిస్తే, తెల్లారేసరికి చెక్క చిగురేసింది. జేబులో మర్చిపోయిన కోడిగుడ్డు పిల్లయి కూసింది."

"పిల్ల కూస్తుందటయ్యా?" అన్నాడు పోస్టుమాన్.

"ఆ వేడికి పొద్దుటికే పుంజైపోయింది మరి! సరే, పెద్దమ్మకిద్దామని ఎండలో దులిపానా, పిచ్చుకల గుంపు చూసి మా అక్కే అనుకుని పిలిచింది. కోటు చేతులాడించుకుంటూ ఎగిరిపోయింది!"

అందరితోపాటు పెద్దమ్మా నవ్వింది. ఎందుకైనా మంచిదని ఆకాశంకేసి కూడా చూసింది. తర్వాత దర్జీ కూర్చున్న స్టూలుకేసి చూసింది.

"బాబూ, నీ కింద మెత్తగా మడిచి ఉన్న ఆ నీలం గుడ్డ నాదే కదూ? కోతలన్నీ నోటితోనే కోశావు. దానికింకా కత్తెరైనా తగల్లేదు."

టీ కొట్టాయనకి పొలమారింది. దర్జీ చటుక్కున లేచాడు.

"ఆ గాలి అరల మాట మాత్రం బాగుందిరా," అంది పెద్దమ్మ మెల్లగా. "అలాగే కుట్టు. పొద్దున్నే పిల్ల పనికెళ్లాలి."

దర్జీ ఇంక నవ్వలేదు. గుడ్డ దులిపి బల్ల మీద పరిచాడు, టేపు మెడలో వేసుకున్నాడు, కత్తెర తీశాడు.

"దీపాలు పెట్టేలోగా నీ చేతిలో ఉంటుంది. ఈ కొస గట్టిగా పట్టుకుని కూర్చో పెద్దమ్మా, మళ్లీ ఎగిరిపోగలదు."