గుమ్మం వంకర

కుడికంటి వెనక ఊడిన పొరను డాక్టర్లు అతికించిన మూడు నెలలకు పెద్దమేస్త్రి మళ్లీ పనిలోకి వచ్చాడు. సగం లేచిన ఇంట్లో, తమ్ముడు నిలబెట్టిన గుమ్మం ఎదుట ఆగి, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ ఎడమకన్ను మూసి కుడికంటితో చూశాడు.

"వంకరపోయిందిరా."

"లేదన్నయ్యా. రెండుసార్లు సరిచూసుకున్నా."

"నీళ్లలో ముంచిన కర్రలా నడుం దగ్గర వంగింది. కొట్టేసి మళ్లీ పెట్టు."

"ఆపరేషనప్పుడు నీ కంట్లో పెట్టిన ఆ గాలిబుడగ ఇంకా ఉందా?"

"ఎప్పుడో కరిగిపోయింది. ఉన్నన్నాళ్లూ బాగుండేది, తల తిప్పితే చందమామలా తేలేది. మాట మార్చకు. గుండు వేలాడదియ్యి."

తమ్ముడు గుమ్మం పక్కన దారం వదిలాడు. దాని కొసన ఇనపగుండు కాసేపు ఊగి, నిద్రపోయినట్టు ఆగింది.

"చూడన్నయ్యా. దారానికి గుమ్మం పైనా కిందా ఒకే ఎడంగా ఉందా లేదా?"

పెద్దమేస్త్రి మళ్లీ ఎడమకన్ను మూసి దారాన్ని చూశాడు.

"గాలేమైనా వీస్తోందా?"

"లేదే. ఆకు కూడా కదలట్లేదు."

"దారం కూడా వంగిందిరా."

అతను రెండు కళ్లూ మూసుకుని, దారాన్ని వేళ్ల మధ్య పట్టుకుని పైనుంచి కిందికి మెల్లగా తడుముకుంటూ వచ్చాడు. అది ఎప్పట్లాగే తిన్నగా ఉంది.

"పొద్దున వీధి చివర కరెంటు స్తంభం ఇలాగే కనిపించింది. పాతినవాణ్ణి తిట్టుకుంటూ వచ్చా."

"గుమ్మం కొట్టేయమంటావా అన్నయ్యా?"

"దానికేం, నిక్షేపంలా ఉంది. బండి తియ్యి, డాక్టరు దగ్గరికి పోదాం."