వంతెన కింద సమాధి

వీడియో గేమ్ తెరవగానే చెల్లెలు తెర దగ్గరికి జరిగింది: నెలలుగా ఒక్క ప్రాణంతో నెట్టుకొచ్చిన ఆమె ఆడించే విలుకత్తె బొమ్మ చచ్చి, వంతెన కింద సమాధిరాయై ఉంది. సోఫాలో అన్నయ్య గోళ్లు కొరుక్కుంటున్నాడు.

“అన్నయ్యా, దీన్నెవరు చంపారు?”

“అయ్యో, చచ్చిందా? ఇంకేం, చెరిపెయ్. ఒకసారి చస్తే మళ్లీ మొదటి నుంచే. మన నియమం కదా.”

“మనది కాదు, నీది! పారిపోకూడదన్నావు, గాయాలు మాన్పే మందు తాగకూడదన్నావు. నేను గెలిచినకొద్దీ కొత్తది తగిలించావు. చివరికి కవచం కూడా విప్పించావు.”

“ఆట రంజుగా ఉండాలి కదే!”

“నీ వీరుడు ఆ వంతెన దగ్గరే చచ్చినప్పుడు రంజుగా లేదేం?”

“అప్పుడు బటన్ పట్టేసింది.”

“ప్రతిసారీనా? పాపం బటన్!”

“వెటకారాలొద్దు.”

“నిన్న నేను దీన్ని కోట గుమ్మం ముందు వదిలి లేచాను. ఈ రోజు గెలిచేదాన్ని. అంత దూరం నుంచి వంతెన దగ్గరికి తనంతట తనే నడిచొచ్చిందా?”

అన్నయ్య సోఫా మీది దిండు ఒళ్లోకి లాక్కున్నాడు.

“నేను పెట్టింది ఒక్కటే నియమం. ఒకరి బొమ్మను ఇంకొకరు ముట్టుకోకూడదని. చెప్పు, అన్నయ్యా.”

“నేనే ముట్టుకున్నాను. నీ దాంతోనైనా ఆ వంతెన దాటాలనిపించింది, వెనక్కి నడిపించాను. వంతెన కాసే రాక్షసుడు ఒక్క దెబ్బకే పడగొట్టాడు. బాధపడాలి కదే నేను? కడుపులో మంట చల్లారినట్టయింది.”