తార్నాక ఇంట్లో ప్రార్థన

యూనివర్సిటీలో పొద్దుటి నడక అయ్యాక తండ్రీ కూతురూ బెంచీ మీద కూర్చున్నారు.

“బ్యాంకు ఉద్యోగం వదిలేశావు. పెళ్లి వద్దన్నావు. ఇప్పుడు ఆరుగురు ఆడపిల్లలు కలిసి తార్నాకలో కాపురమా?”

“ఒకే వంటిల్లు నాన్నా. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు చూసుకుంటాం. సాయంత్రం కొత్తింట్లో ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టర్‌గారు రానన్నారు.”

“ఎందుకొస్తాడు? అదేమన్నా కుటుంబమా?”

“అందుకే నువ్వొచ్చి ప్రార్థన చెయ్యి.”

“మీ అమ్మను మట్టి చేసిన రోజే నా ప్రార్థన అయిపోయింది.”

“అయితే ఊరికే వచ్చి కూర్చో. మా ఆరుగురిలో ఎవరింటి నుంచీ ఒక్క మనిషి కూడా రావట్లేదు నాన్నా.”

“మీ అమ్మ ఉంటే వచ్చేది.”

“మరి నువ్వు?”

ఆయన లేచి, అడిక్‌మెట్‌లో ఎవరూ లేని తన ఇంటి వైపు నడిచాడు.