పాలబండ్లకి ఫోన్లొచ్చిన కథ

ఓల్మెదో ఫరినంగో కథ మొదలుపెట్టాడంటే దోన్యా సోయిలా కొట్లో ఎవరి కాఫీ వాళ్ళ ముందే చల్లారిపోతుంది. కొండల నడుమ కయాంబె ఊళ్ళో అది అందరికీ తెలిసిన సంగతే. పాలకంపెనీ డిపోలో రూట్లు చూసే గుమాస్తా అతను. నలభై రెండు పాలబండ్లు తెల్లవారుతూనే కొండల మీదికి పోయి, గడప గడపకీ ఆగి పాలు కొలిచి పోసుకుని, పదకొండున్నరకల్లా డిపోకి దిగుతాయి. మధ్యాహ్నం డ్రైవర్లు సోయిలా కొట్టు అరుగు మీద చేరి, పొయ్యిలోంచి అప్పుడే తీసిన బిస్కోచోలు కాఫీలో ముంచుకు తింటూ ఓల్మెదో కోతలు వింటారు. నమ్మేవాడు ఒక్కడూ లేడు. వినడం మానేసినవాడూ ఒక్కడూ లేడు.

ఆ రోజు కొత్తగా ఒకామె వచ్చి కూచుంది. రాజధాని క్విటోలోని కంపెనీ ఆఫీసు ఇంజనీరు, పేరు లిసెత్. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఒళ్ళో నోట్‌బుక్కు. మూడేళ్ళ కిందట డ్రైవర్ల చేతికి ఫోన్లిచ్చి, పాల లెక్కంతా యాప్‌లో ఎక్కించమన్నారు. ఇప్పుడు దాని స్థానంలో కొత్త యాప్ రాబోతోంది. దాన్ని డ్రైవర్లకి ఎన్నాళ్ళలో నేర్పాలి, ఎవరితో మొదలుపెట్టాలి, అంతా ప్లాను రాసుకుపోదామని వచ్చింది. పాత యాప్‌ని పంచినవాడు ఓల్మెదోయే గనక, "అప్పుడెలా చేశారో చెప్పండి" అని అడిగింది.

అరుగు చివర స్తంభానికి ఆనుకుని కూచున్న డ్రైవరు మెసియాస్ కువస్కోటా ఆ మాట వినగానే తింటున్న ముక్క పక్కన పెట్టేశాడు.

"రాసుకోండి ఇంజనీరమ్మా," అని ఓల్మెదో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ప్లానంటే మూడు మెట్లు. మొదటి మెట్టులో అయిదుగురు. తెలివైనవాళ్ళని ఏరలేదు నేను, నోరున్నవాళ్ళని ఏరాను. ఎందుకంటారా? యాప్ బాగుంటే వాళ్ళే చాటుతారు, బాగోకపోతే వాళ్ళే తిడతారు, ఆ రెండూ మనకి కావలసినవే. రెండో మెట్టు పదిహేనుమంది. మూడో మెట్టు మిగిలిన మంద. క్విటో వాళ్ళు పన్నెండు వారాలిచ్చారు. నేను ఆరు వారాల్లో తేల్చేశాను."

"మందట! మనల్నే అంటున్నాడు," అన్నాడు నెప్తాలి, డ్రైవర్లలో అందరికంటే ముసలాడు.

"ఆరు వారాలేనా?" లిసెత్ పెన్ను చకచకా నడిచింది.

"అసలు సంగతి వింటే ఆరు కూడా కాదండీ. రెండో మెట్టువాళ్ళకి డిపో గోడ పక్కన నేర్పుతున్నానా, మూడో మెట్టువాళ్ళు గోడవతల క్యాన్లు కడుగుతున్నారు. నా మాట చెవినపడి వాళ్ళకీ వచ్చేసింది! ఫోన్లు ఇంకా చేతికి ఇవ్వనేలేదు, వేళ్ళు మాత్రం గాల్లో నొక్కేస్తున్నాయి."

"ఆ రోజు క్యాన్లు కడిగింది నేనే," అన్నాడు నెప్తాలి. "నా చెవిలో నీళ్ళు తప్ప ఇంకేం పడలేదు."

"నీ చెవి సంగతి ఊరంతటికీ తెలిసిందేలే."

అందరూ నవ్వారు. మెసియాస్ నవ్వలేదు.

మూడు మెట్ల మాట నిజమే. ఆ కాగితం ఓల్మెదో గీసింది మెసియాస్ ఇంట్లో, వంటింటి బల్ల మీద. మెసియాస్ కూతురికి చర్చిలో జ్ఞానస్నానం చేయించినప్పుడు తండ్రి వరసలో నిలబడిన జ్ఞానతండ్రి ఓల్మెదో. ఆ చుట్టరికంతో ఇద్దరూ ఒకరినొకరు 'కొంపాద్రే' అని పిలుచుకుంటారు. పేర్లు రాసుకుంటూ పోతున్న ఓల్మెదో పెన్ను ఆ రోజు మెసియాస్ పేరు దగ్గర ఆగిపోయింది. "నిన్నెక్కడ పెట్టను కొంపాద్రే?" అన్నాడు మెల్లగా. మెసియాస్‌కి అంకెలొచ్చు గానీ అక్షరాలు రావు. భార్య పోయాక ఆ సంగతి తెలిసినవాడు లోకంలో ఓల్మెదో ఒక్కడే.

ముప్పై ఏళ్ళ పాటు అక్షరాలతో అతనికి పని పడలేదు. పాలు పోసే ఆడవాళ్ళే చీటీ రాసిచ్చేవాళ్ళు, తను తెచ్చి డిపోలో పడేసేవాడు. ఫోన్లొచ్చాక చీటీలు పోయాయి. పేర్ల వరసలో పేరు వెతుక్కుని నొక్కాలి. మెసియాస్ కంటికి ఆ వరసంతా చీమలబారు. మొదటి వారం ఫోను సీటు కింద దోపేసి, జ్వరమని ఇంట్లో పడుకున్నాడు. మూడో రోజు ఓల్మెదో వచ్చి మంచం అంచున కూచుని దారి చెప్పాడు. ఆనాటి నుంచీ మెసియాస్ లోయ పైన సిగ్నల్ అందే మలుపులో బండి ఆపి, అరవై మూడు గడపల పాలూ జ్ఞాపకం మీద ఫోన్లో అప్పజెప్తాడు. కార్మెలీనాది పదకొండు, పక్కన వితాలియాది ఏడు, వాగవతల విధవరాలిది నాలుగున్నర... ఓల్మెదో డిపోలో తలుపేసుకుని మెసియాస్ పేరుతో ఎక్కిస్తాడు. మూడేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. ఒకరి పేరుతో ఇంకొకరు ఎక్కిస్తే ఉద్యోగం ఊడుతుందని డిపో గోడ మీద అంటించి ఉంది. దాన్ని మెసియాస్‌కి చదివి వినిపించింది కూడా ఓల్మెదోయే, నవ్వుతూ.

"సిగ్నల్ లేని చోట ఏం చేశారు?" లిసెత్ అడిగింది.

"అక్కడికే వస్తున్నా. పెసీయో ఊరు దాటాక లోయలో కాకి అరిస్తే ఆ కాకికే వినపడదు, ఇక ఫోను మాటెందుకు! నేనేం చేశానూ, పాలక్యాను మూతొకటి తీసుకుని, బూడిదేసి అద్దంలా తోమి, ట్యాంకు మీదెక్కి మంచుకొండకేసి పట్టాను. సిగ్నల్ ఆ మంచుకి కొట్టుకుని లోయలోకి దూకింది. ఎంత సిగ్నలంటారు? కొలంబియా నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేసి, 'నాయనా, ఆ మూత కాస్త పక్కకి తిప్పు, మా ఇంట్లో టీవీ రావట్లేదు' అంది."

"తిప్పావా మరి?" లోపల్నుంచి సోయిలా కేకేసింది.

"ఆడకూతురు అడిగితే తిప్పనా? తిప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మూత తళుక్కి కాండోరు దిగింది. కొండరాబందు! రెక్క చాపితే ఈ కొట్టుకీ పక్క కొట్టుకీ కలిపి ఒకటే నీడ. నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. దాని కాలికి ఫోను కట్టాను. అది లోయ మీద చక్కర్లు కొడుతుంటే, ఎవరి గడప మీదికొస్తే వాళ్ళ లెక్క టింగుమని పోయేది. ఊరికే చేస్తుందా? రోజుకి మూడు బిస్కోచోలు, ఆదివారం నాలుగు."

"నా కొట్లో ఎప్పుడూ కొనలేదే నువ్వు!"

"నీవి గట్టిగా ఉంటాయంది సోయిలా. నేనేం చేసేది?"

అరుగు ఘొల్లుమంది. లిసెత్ కూడా కళ్ళు తుడుచుకుంది.

"ఆగండి, ఇంకా ఉంది. ఆ టింగుకి ఆవులు మరిగాయి. టింగుమంటే చాలు చేపేసేవి. కార్మెలీనా ఆవు మరీనూ, నాలిక చాపి ఫోను నాకితే సరిగ్గా కార్మెలీనా పేరే తెరుచుకునేది. ఇంకోసారి నాకితే లీటర్లు పడేవి!"

మెసియాస్ ఆ పిల్ల పెన్నునే చూస్తున్నాడు. కాండోరు దిగినప్పుడు పెన్ను ఆగింది. ఆవు నాకినప్పుడూ ఆగింది. ఆరు వారాలన్నప్పుడు మాత్రం పరిగెత్తింది. తెలివైన పిల్ల. చేటతో చెరిగి పొల్లు ఎగరేసి, గింజలు దాచుకుంటున్నానని అనుకుంటోంది. ఆ గింజలే పుచ్చినవని ఆమెకెవరు చెప్పాలి?

"అయితే ఇప్పుడు నలభై రెండు మందీ ఎవరి సాయం లేకుండా వాళ్ళే ఎక్కించుకుంటున్నారు," అంది లిసెత్. "పెద్దవయసువాళ్ళు కూడానా?"

ఓల్మెదో ఒక్క క్షణం అరుగు చివరికి చూశాడు.

"పెద్దవయసువాళ్ళా! అదుగో, మా కొంపాద్రే. అరవై రెండేళ్ళు. అందరికంటే ముందు నేర్చుకున్నది ఆయనే. ఒక చేత స్టీరింగు, ఒక చేత ఫోను, కళ్ళు రోడ్డు మీద, వేళ్ళు వాటి పని అవి చూసుకుంటాయి. 'మావాళ్ళకి నేర్పడానికి ఆయన్ని పంపండి' అని మీ క్విటో నుంచే అడిగారు. ఆవులు బెంగపెట్టుకుంటాయని నేనే పంపలేదు."

లిసెత్ మెసియాస్ వైపు తిరిగి తల వంచింది. ఆ చూపులో వేళాకోళం లేదు, నిజమైన గౌరవం ఉంది. మెసియాస్‌కి అది ముల్లులా దిగింది.

ఆమె నోట్‌బుక్కు మూయబోతూ అంది: "చాలా ధైర్యమిచ్చారు దోన్ ఓల్మెదో. నేను పైవాళ్ళని రెండు నెలలు అడుగుదామనుకున్నాను. ఇక అక్కర్లేదు. వచ్చే సోమవారం ఒక్క పూట శిక్షణ, మంగళవారం నుంచి కొత్త యాప్. ఇది ఎవరి ముఖం వాళ్ళు చూపిస్తేనే తెరుచుకుంటుంది, డిపోలో కూచుని ఇంకొకరు ఎక్కించడం కుదరదు. పది రోజులు లెక్క రాని రూటుని పెద్ద ట్యాంకరు రూటులో కలిపేస్తామంటున్నారు పైవాళ్ళు. మీకెలాగూ ఆ ఇబ్బంది లేదు."

ఓల్మెదో నోరు తెరిచాడు. "ఇబ్బందేముంది," అన్నాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా..." అని అలవాటుగా ఎత్తుకున్నాడు. తర్వాత ఏమవుతుందో అతనికే తెలీలేదు. మోకాలి మీది టోపీని వేళ్ళు నలుపుతున్నాయి.

పెద్ద ట్యాంకరు ఆ లోయలో దిగదు. చివరి మలుపులో మెసియాస్ చిన్న బండే అద్దాలు మడుచుకుని వెళ్తుంది. ట్యాంకరు దిగకపోతే కార్మెలీనా పదకొండు లీటర్లూ, వితాలియా ఏడూ పందుల తొట్లోకి పోవలసిందే. అరవై మూడు గడపలు. ఇటు చూస్తే ఓల్మెదో. పెన్షనుకి ఇంకా రెండేళ్ళుంది. తను నోరు విప్పితే అతని మెడ మీద కత్తి. ఇన్నాళ్ళూ అక్షరాలు రాకపోవడమే సిగ్గనుకున్నాడు మెసియాస్. ఆ సిగ్గు దాచడానికి ఇంకో మనిషి రోజూ అబద్ధమాడుతుంటే తను స్తంభానికి ఆనుకుని కాఫీ తాగుతూ కూచున్నాడు. సిగ్గంటే ఇదీ.

లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

"ఇంజనీరమ్మా, అది కొట్టేయండి."

"ఏది దోన్ మెసియాస్?"

"నేను ముందు నేర్చుకున్నానన్నది. నేను నేర్చుకోలేదు. నాకు చదవడం రాదు. నా పేరు రాసి చూపించినా అది నాదని చెప్పలేను."

లిసెత్ నోట్‌బుక్కు మళ్ళీ తెరిచింది.

"కూచో కొంపాద్రే," ఓల్మెదో గబగబా అందుకున్నాడు. "ఎగతాళి చేస్తున్నాడండీ, ఆయనకిది..."

"నువ్వు కూచో కొంపాద్రే. చాలా మోశావు."

లిసెత్ ముఖంలో నవ్వు పోయింది. "మరి మూడేళ్ళుగా మీ పేరు మీద వచ్చిన లెక్క ఎవరిది?"

"లెక్క నాదే. ప్రతి లీటరూ నేను కొలిచిందే."

"ఎక్కించింది?"

మెసియాస్ పెదవులు బిగించి నేల చూశాడు. కోసి కారం పెట్టినా ఆ పేరు అతని నోట రాదు. సోయిలా చేతి తుడుపుగుడ్డతో గుమ్మంలో నిలబడిపోయింది.

"నేను," అన్నాడు ఓల్మెదో.

అంతే. దానికి ముందు గానీ వెనక గానీ ఇంకేమీ లేదు. ఆ అరుగు మీద అతను అంత చిన్న మాట ఆడటం ఎవరూ ఎన్నడూ వినలేదు.

నెప్తాలి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నాది మా కోడలు నొక్కుతుంది. అక్షరాలొచ్చు నాకు. కళ్ళే ఆనవు." ఆ వెనక బెంచీ మీద ఇంకొకడు చెయ్యెత్తాడు, తర్వాత మరొకడు. లిసెత్ లెక్కపెట్టింది. మెసియాస్‌తో కలిపి తొమ్మిది మంది.

రాసిన పేజీ మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కొత్త పేజీ తిప్పింది. "దోన్ ఓల్మెదో, మళ్ళీ మొదటినుంచీ చెప్పండి. ఎన్ని వారాలు పట్టింది?"

"పద్నాలుగు నెలలు."

"ఎవరు ఎక్కడ ఆగిపోయారు?"

ఓల్మెదో చెప్పాడు. పేరు పేరునా చెప్పాడు. ఎవరికి కళ్ళానవో, ఎవరికి వేళ్ళు మొద్దుబారాయో, ఎవరు సిగ్గుపడి అడగలేదో, ఎవరి మీద తను విసుక్కుంటే మర్నాటి నుంచి రావడం మానేశారో. ఎవరూ నవ్వలేదు. ఎవరూ అడ్డు రాలేదు. ఆమె ఆరు పేజీలు రాసుకుంది.

తర్వాత జరిగింది కోతలు లేకుండా చెప్పాలంటే ఇది. లిసెత్ క్విటో వెళ్ళి పైవాళ్ళతో పోట్లాడింది. నాలుగు నెలల గడువు, సిగ్నల్ లేని చోట కూడా లెక్క పట్టే కొత్త యాప్‌లో పేర్ల బదులు పాలు పోసేవాళ్ళ ఫోటోలు, ఈ రెండూ సాధించుకొచ్చింది. ఓల్మెదో విషయంలో మాత్రం ఆమె మాట సగమే చెల్లింది: ఉద్యోగం ఊడలేదు, నెల రోజులు జీతం లేకుండా ఇంట్లో కూచోబెట్టి, ఆ తర్వాత గుమాస్తా పని తీసేసి క్యాన్లు తూచే చోట వేశారు. ఆ నెలలో అతను సోయిలా అరుగు ఎక్కలేదు. మెసియాస్ రెండుసార్లు ఇంటికి వెళ్ళాడు. రెండుసార్లూ ఇద్దరూ వాతావరణం గురించే మాట్లాడుకున్నారు. మూడోసారి మెసియాస్, "రేపటి నుంచి నాకు కొత్త ఫోను. మొదటి అయిదుగురిలో నన్నూ పెట్టింది ఆ పిల్ల. బండిలో తోడు వస్తావా?" అని అడిగాడు.

మర్నాడు లోయలో ఎండ పడే వేళకి కార్మెలీనా గడప ముందు బండి ఆగింది. ఆమె క్యాను వంచింది. మెసియాస్ కొలిచి, చేతులు తుడుచుకుని, బండెక్కి ఫోను తీశాడు. ముఖాలు వరసగా నిలబడ్డాయి. అతను చాలాసేపు చూశాడు. సీట్లో ఓల్మెదో చేతులు రెండూ లేవబోయాయి. అతనే వాటిని తొడల కింద నొక్కిపెట్టుకున్నాడు. మెసియాస్ బొటనవేలు దిగింది. కార్మెలీనా ముఖం అద్దమంతా పరుచుకుంది. ఒకటి, పక్కనే ఇంకో ఒకటి నొక్కాడు.

"పడిందా?" అని ఫోను ఇటు తిప్పాడు.

ఓల్మెదో తొంగి చూశాడు. "పడింది," అన్నాడు.

మెసియాస్ గేరు వేశాడు. ఇంకా అరవై రెండు గడపలున్నాయి.